ఇరవై రూపాయలే కదా!

గోపాల్‌పూర్‌లో ఆదివారం ఆరాధన ముగిసి, జనం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఎండు చేపలు అమ్మే ఒక అమ్మ మా దగ్గరకు వచ్చి నిలబడింది. ఒక చేతిలో బ్యాంకు పాస్‌బుక్కు, ఇంకో చేతిలో బటన్ల ఫోను. పాస్‌బుక్కు తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టింది. "ఇదేటి అయ్యగారూ? నానేటీ కొన్నేదు కదా, నా డబ్బులెందుకు కోసేసినారు?" అని అడిగింది. ఆ వరుసలో 20 రూపాయలు తగ్గినట్టు ఉంది. పక్కన కొన్ని ఇంగ్లీషు పొడి అక్షరాలు. ఫోను సంగతీ చెప్పింది. కొడుకు వేయించిన రీచార్జి డబ్బులు, ఆమె ఎవరితోనూ మాట్లాడకుండానే, రోజుకు 3 రూపాయల చొప్పున తరిగిపోతున్నాయట.

మేము తొందరలో ఉన్నాం. మధ్యాహ్నం ఇంకో పల్లెలో కూడిక ఉంది. "ఇరవై రూపాయలే కదమ్మా, పోనీలే" అన్నాం. ఆమె తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి పంపేశాం.

మరుసటి ఆదివారం ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి అడిగిన ప్రశ్న వేరు. "కానుకల పెట్టెలో ఇరవై రూపాయలు తగ్గితే మీరు లెక్క సూడరా అయ్యగారూ?"

మా దగ్గర జవాబు లేదు. సంఘం లెక్కల్లో పది రూపాయలు తేడా వస్తే కోశాధికారిని కూర్చోబెట్టి రాత్రి తొమ్మిది దాకా రసీదులు తిరగేసే వాళ్ళం మేము. దేవుని సొమ్ముకు లెక్క ఉండాలని చెప్పే మేమే, దేవుని బిడ్డ సొమ్ముకు లెక్క అక్కర్లేదన్నట్టు మాట్లాడాం. ఈ నెల సంపాదకీయం ఆ తప్పును ఒప్పుకోవడంతో మొదలవుతోంది. ఆ తర్వాత మేము నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

మొదట లెక్క చూద్దాం. రోజుకు 3 రూపాయలంటే ఏడాదికి 1,095 రూపాయలు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఎండలో తిరిగే మనిషికి అది ఎన్ని రోజుల కష్టమో ఆమెనే అడగాలి. ఇంకో సంగతి. ఇలా కోత పడేది ఒక్క ఫోనులో కాదు. ఒకే కోత లక్ష ఫోన్లలో పడితే రోజుకు 3 లక్షలు. ఎవరి దగ్గర పోయిన సొమ్మైనా వాళ్ళకు చిన్నదిగానే కనిపిస్తుంది. పోగుచేసుకున్న వాడికి మాత్రం అది చిన్నది కాదు. "చిన్న మొత్తమే కదా" అని మనం అంటామన్న నమ్మకం మీదే ఇలాంటి వ్యాపారం నడుస్తుంది.

కాటా చూడగలిగిన వాళ్ళు బిల్లు చూడలేరా?

మా ఊరి సంగతి తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ రోజున ఒడిశాలో చేరింది. ఎల్లలు మారాయి గాని ఇళ్ళల్లో మాట మారలేదు. బరంపురం వీధుల్లోనూ, గోపాల్‌పూర్ నుంచి ఛత్రపురం దాకా ఉన్న మత్స్యకార పల్లెల్లోనూ తెలుగు ఈనాటికీ వినిపిస్తుంది. మా వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో ఒడియా మాట్లాడతారు. ఫోనుకు వచ్చే సందేశాలు మాత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. తెలుగు మాట్లాడే తల్లి తెలుగు చదవలేదు, ఒడియా చదివే కొడుకు సూరత్ మరమగ్గాల మధ్య ఉంటాడు.

ఇది కొత్త కష్టమూ కాదు. మన తాతల కాలంలో గోపాల్‌పూర్ రేవు నుంచి స్టీమర్లలో రంగూన్‌కు కూలికి వెళ్ళారు. అక్కడ మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి తీసుకెళ్ళేవాడు, తర్వాత కూలిలోంచి కోసుకునేవాడు. ఎంత ఇచ్చాడో, ఎంత కోశాడో మేస్త్రీ పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం కూలివాడు చదవలేడు. ఇవాళ మేస్త్రీ లేడు. కానీ మన డబ్బు లెక్క ఇంకొకరి పుస్తకంలో, మనకు రాని భాషలో రాసి ఉండడం అలాగే ఉంది.

మన మత్స్యకార స్త్రీలు లెక్క రాని వాళ్ళనుకుంటే పొరపాటు. ఒడ్డున వేలం పాడేటప్పుడు వాళ్ళ నోటి లెక్క ముందు మేము నిలబడలేం. కాటా ఒక పక్కకు వాలితే అక్కడికక్కడే నిలదీస్తారు. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని లేఖనం చెప్పకముందే వాళ్ళకు తెలుసు. పాస్‌బుక్కు కూడా ఒక కాటాయే. దాని ముల్లు ఎక్కడుందో వాళ్ళకు ఎవరూ చూపించలేదు, అంతే.

తెలియనిదంతా దొంగతనం కాదు

ఆ అమ్మ పాస్‌బుక్కు పట్టుకుని ఈసారి మేమే బ్యాంకుకు వెళ్ళాం. 20 రూపాయలు ఎందుకు పోయాయో అక్కడ తేలింది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం. 2015లో మొదలైన పథకం. మొదట ఏడాదికి 12 రూపాయలు ఉండేది, 2022 జూన్ 1 నుంచి 20 అయింది. 18 ఏళ్ళ నుంచి 70 ఏళ్ళ లోపు వాళ్ళు ప్రమాదంలో చనిపోతే, లేదా రెండు కళ్ళో రెండు చేతులో పూర్తిగా పోతే 2 లక్షల రూపాయలు వస్తాయి. ప్రతి ఏటా జూన్ 1కి ముందు ఆ ప్రీమియం ఖాతాలోంచి దానంతటదే పోతుంది.

మేము "పోనీలే" అన్న 20 రూపాయలు ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క బీమా!

పాస్‌బుక్కులో 436 రూపాయలు తగ్గినట్టు కనిపిస్తే అది చాలావరకు జీవన్ జ్యోతి బీమా. అది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు ఇచ్చే పథకం. 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరాలి. ఆ వరుస ఎవరూ చదవని ఇంట్లో మనిషి పోతే, రావలసిన 2 లక్షల సంగతి కూడా ఎవరికీ తెలియదు. కాబట్టి తెలియని వరుసను చదవడం డబ్బు పోకుండా కాపాడుకోవడానికే కాదు, రావలసింది రాబట్టుకోవడానికి కూడా.

సంగతి విన్నాక ఆ అమ్మ కాసేపు ఆలోచించి, "ఉండనీండి, పిల్లలు సంద్రం మీదకెల్తారు. నాకొద్దనను. కానీ నన్నడిగి రాయాలి కదా" అంది. ఖాతా తెరిచిన రోజు ఎక్కడెక్కడో వేలిముద్ర వేయించారు. అందులో ఇదొకటని ఎవరూ చెప్పలేదు. ఇష్టం లేకపోతే మానేస్తానని బ్యాంకుకు రాసివ్వవచ్చని కూడా చెప్పలేదు. పథకం మంచిదే. ఆమె దుఃఖం 20 రూపాయల గురించి కాదు, తనను అడగకపోవడం గురించి. న్యాయం గురించి మేము ఎన్నో ప్రసంగాలు చేశాం గాని ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాం.

ఇంకో ఇంట్లో వేరే పాఠం నేర్చుకున్నాం. క్రెడిట్ కార్డు బిల్లులో ఎవరికీ తెలియని పేరుతో 499 రూపాయలు ఉన్నాయి. మోసం జరిగిందని ఇల్లంతా గగ్గోలు. తీరా చూస్తే మనవడు ఫోనులో ఆట ఆడుతూ నొక్కిన బొత్తాం అది! దుకాణం బోర్డు మీద ఒక పేరు, బిల్లులో దాని యజమాని కంపెనీ పేరు ఉండడం కూడా మామూలే. అందుకని ముందుగా తేదీ చూడాలి, మొత్తం చూడాలి, ఇంట్లో అందరినీ కోప్పడకుండా అడగాలి. ఈ పని ఆ పూటే అయిపోవాలి. తర్వాత అడుగుదామని వాయిదా వేస్తే ఏమవుతుందో కింద చెబుతాం.

ఫోనులో పోయిన మూడు రూపాయలు

ఆ అమ్మ ఫోనులో పోతున్నది మాత్రం నిజంగా పోతున్నదే. ఎప్పుడో వచ్చిన ఒక సందేశాన్ని తీసెయ్యబోయి ఏదో నొక్కింది. పాటల సేవ ఒకటి మొదలైంది. ఆమెకు పాటలు కాదు, కొడుకు గొంతు కావాలి.

ఇలాంటి అదనపు సేవల మీద ట్రాయ్ 2013 జూలైలోనే ఆదేశాలిచ్చింది. సేవ మొదలుపెట్టే ముందు వినియోగదారు ఒకసారి ఒప్పుకుంటే చాలదు, రెండోసారి కూడా విడిగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా డబ్బు కోస్తే 24 గంటల లోపు చెప్పి తిరిగి తీసుకోవచ్చు. సేవ ఆపించడానికి అన్ని కంపెనీలకూ కలిపి 155223 అనే ఉచిత నంబరు ఉంది. రీచార్జి ఫోనుకు బిల్లు రాదు కదా అని ఊరుకోనక్కర్లేదు. గడచిన ఆరు నెలల్లో ఏ రోజు దేనికి ఎంత పోయిందో వివరాలు అడగవచ్చు. దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు.

మేము ఫోన్ చేయించాం, సేవ ఆగింది. ఆ రోజు పోయిన 3 రూపాయలు తిరిగి వచ్చాయి. అంతకుముందు నెలల తరబడి పోయినవి రాలేదు. "పోనీలే" అన్న మా మాటకు ఒక వారం ఖరీదు 21 రూపాయలని ఆమె మాకు లెక్కగట్టి చెప్పింది.

కంపెనీ వినకపోతే? ఫిర్యాదు చేసినప్పుడు నంబరు ఇస్తారు, అది రాసుకోవాలి. జవాబు తృప్తిగా లేకపోతే 30 రోజుల లోపు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్ళవచ్చు. రుసుము లేదు. వాళ్ళు 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది.

ఈ చివరి మాట చెప్పగలగడం వెనుక పెద్ద పోరాటమే ఉంది. అహ్మదాబాద్‌లో ఒక వినియోగదారుకు నెలకు సగటున 555 రూపాయల ఫోను బిల్లు వచ్చేది. 2013 నవంబర్, డిసెంబర్ మధ్య ఒక నెలకు 24,609 రూపాయల 51 పైసలు కట్టమన్నారు. ఆయన 2014లో జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్ళాడు. ఫోను గొడవలు వినే అధికారం ఆ ఫోరానికి లేదని, టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం మధ్యవర్తి దగ్గరకు వెళ్ళాలని కంపెనీ వాదించింది. బిల్లు తప్పా ఒప్పా అన్న మాట పక్కకు పోయింది, అసలు ఆయన గోడు ఎవరు వినాలన్నదే ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు, టెలికాం సేవల మీద ఫిర్యాదులు వినియోగదారుల కమిషన్లు వినవచ్చని తీర్పు చెప్పింది. ఆ ఒక్క మనిషి బిల్లు కట్టేసి ఊరుకుని ఉంటే ఇవాళ గంజాం జిల్లా మనిషి బరంపురంలోని కమిషన్ తలుపు తట్టడానికి ఇంత ధైర్యం ఉండేది కాదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో మేలు చేసింది. కంపెనీ ఆఫీసు ముంబాయిలో ఉన్నా, మనం ఉంటున్న ఊరి కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువైన వాటికి రుసుము లేదు. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

సిగ్గు ఖరీదు

ఇప్పుడు మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టిన సంగతి. మా సంఘంలోని ఒక యువకుడు సూరత్ నుంచి సెలవు మీద వచ్చాడు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరో ఫోన్ చేసి కార్డు మూసేస్తామని భయపెడితే ఓటీపీ చెప్పేశాడు. క్రెడిట్ కార్డు మీద ఒక పెద్ద మొత్తం పోయింది. తండ్రి తిడతాడని, స్నేహితులు నవ్వుతారని నోరు మూసుకున్నాడు. పన్నెండు రోజుల్లో ఇంకో రెండుసార్లు పోయింది. బిల్లు వచ్చాక మా దగ్గరకు వచ్చి ఏడ్చాడు.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రతి సంఘంలోనూ గోడకు అంటించవలసినది. దాని సారం ఇది. మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి గాని కార్డు మీద గాని డబ్బు పోతే, అది బ్యాంకు లోపం వల్లనైతే మన బాధ్యత సున్నా. లోపం బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగిందనుకోండి. సందేశం అందిన రోజును వదిలేసి మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే అప్పుడూ మన బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే నష్టంలో కొంత మనమీద పడుతుంది. జన్‌ధన్ లాంటి సాదా ఖాతాలకు అది 5,000 రూపాయలకు మించదు. మామూలు పొదుపు ఖాతాలకూ, 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డులకూ 10,000కు మించదు. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు తన విధానంలో ఏమి రాసుకుందో అదే.

మరి ఓటీపీ మనమే చెప్పి ఉంటే? అక్కడ కూడా తలుపు పూర్తిగా మూసుకోలేదు. మన అజాగ్రత్త ఉంటే, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం మనది. చెప్పిన తర్వాత జరిగినది బ్యాంకుది. ఆ యువకుడు మొదటి రోజే నోరు విప్పి ఉంటే మొదటి మొత్తం పోయినా తర్వాతి రెండూ మిగిలేవి. అతణ్ణి మోసం చేసినవాడు మొదటిదే తీసుకున్నాడు. మిగతా రెండు మొత్తాలు సిగ్గు తీసుకుపోయింది. ఆ సిగ్గులో మన పాలు లేదా? మోసపోయినవాణ్ణి చూసి "అంత తెలివి లేదా" అని నవ్వే సంఘంలో ఎవడు నోరు విప్పుతాడు? గాయపడినవాడు దారి పక్కన పడి ఉన్నప్పుడు ఆ దారిన ఎందుకొచ్చావని మంచి సమరయుడు అడగలేదు.

మా పల్లెలకు ఇంకో ఇబ్బంది ఉంది. ఖాతా తల్లిది, ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు సూరత్‌లో ఉన్న కొడుకుది. లేదా ఎప్పుడో పారేసిన పాత సిమ్ముది. సందేశం ఎవరి ఫోనుకో వెళుతుంది, మూడు రోజుల గడువు ఇక్కడ కరిగిపోతుంది. పాస్‌బుక్కు అచ్చు వేయించుకోవడానికి ఆమె నెలకొకసారి బ్యాంకుకు వెళుతుంది. కాబట్టి చేయవలసిన మొదటి పని, ఇంట్లో అందుబాటులో ఉన్న మనిషి నంబరును ఖాతాకు ఎక్కించడం. ఇది ఈ వారమే చేయండి.

చెప్పడమంటే ఎలా చెప్పాలి?

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే కార్డు వెనుక ఉన్న బ్యాంకు నంబరుకు ఫోన్ చేసి కార్డు ఆపించాలి. మోసమైతే 1930కి ఫోన్ చేయాలి. అది కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల సహాయ నంబరు. సొమ్ము ఇంకో ఖాతాకు దాటకముందే చెబితే ఆపగలిగే అవకాశం ఉంటుంది. బ్యాంకుకు ఫోను చేసి ఊరుకోకుండా శాఖలో కాగితం ఇచ్చి, నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఆ కాగితం మీద పెద్ద భాష అక్కర్లేదు. నాలుగు మాటలు చాలు:

"ఫలానా తేదీన నా ఖాతాలో ఫలానా మొత్తం తగ్గింది. అది నేను చేయలేదు, ఎవరినీ చేయమనలేదు. అది దేనికో ఆధారంతో చూపించండి. చూపించలేకపోతే తిరిగి జమ చేయండి."

మూడో మాట ముఖ్యం. 2017 ఆదేశం ప్రకారం తప్పు మనదని రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదే ఉంది. మనం చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. క్రెడిట్ కార్డు బిల్లు మీద అభ్యంతరం చెబితే 30 రోజుల్లో వివరణ ఇవ్వాలి. మోసమని చెప్పిన మొత్తం మీద, అది తేలేవరకు, ఏ ఛార్జీలూ వేయకూడదు. ఇవి 2022 నాటి కార్డు నిబంధనల్లో ఉన్నాయి. అభ్యంతరం లేని మిగతా బిల్లు మాత్రం గడువులోగా కట్టేయండి. ఒక వరుస మీద కోపంతో మొత్తం బిల్లు ఆపితే నష్టం మనకే.

అదే నిబంధనల్లో ఇంకొకటి ఉంది. మనం అడగకుండా కార్డు పంపి దానికి డబ్బు వసూలు చేస్తే, ఆ డబ్బు తిరిగి ఇవ్వడమే కాదు, దానికి రెండింతలు జరిమానాగా మనకు చెల్లించాలి. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య తనంతట తానే అన్నాడు. ఇక్కడ రెండింతలైనా అడిగితేనే వస్తుంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. 2021 నవంబర్ 12 నుంచి దేశమంతటికీ ఒకే పథకం ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. చండీగఢ్‌లోని వాళ్ళ కేంద్రానికి ఉత్తరం ఏ భాషలోనైనా రాయవచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ చెబుతారు. ఒడిశాలో ఉన్నాం కదా, తెలుగులో రాస్తే ఎవరు చూస్తారన్న భయం మనవాళ్ళకు ఉంది. ఆ భయం ఈ ఒక్క చోట అక్కర్లేదు.

హక్కు కాగితం మీద, బరువు ఆమె మీద

ఇన్ని నిబంధనలు చదివాక మాకు ఒక సందేహం మిగిలింది. మూడు రోజులు, పది రోజులు, ముప్పై రోజులు, ముప్పై తొమ్మిది రోజులు. ఇవన్నీ గుర్తుపెట్టుకుని, ఫిర్యాదు నంబర్లు రాసుకుని, రెండుసార్లు బరంపురం తిరగడానికి ఒక పూట కూలి వదులుకునేది ఎవరు? కోసేవాడికి ఒక్క నొక్కు చాలు. అడిగేవాడికి నాలుగు మెట్లు. చట్టం ఇద్దరికీ ఒకటేనంటే మేము ఒప్పుకోలేం.

జనం అడిగితే మాత్రం వ్యవస్థ కదులుతుంది. 2017లో సిమ్ముకు ఆధార్ కలుపుతామని వేలిముద్ర తీసుకుని, చెప్పకుండానే లక్షల మందికి ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారన్న ఆరోపణ వచ్చింది. ఆ ఖాతాలు ఉన్నాయనే తెలియని వాళ్ళ గ్యాస్ సబ్సిడీ వాటిలోకి వెళ్ళిపోయింది. "మా సబ్సిడీ ఏదీ?" అని జనం అడగడం మొదలుపెట్టాకే సంగతి బయటపడింది. ఆ డిసెంబర్‌లో ఆధార్ సంస్థ ఆ కంపెనీకి ఈ-కేవైసీ అనుమతిని నిలిపివేసింది. సబ్సిడీ సొమ్ము వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. అందరూ "రెండు మూడు వందలే కదా" అనుకుని ఉంటే?

అందుకని బ్యాంకులనూ ఫోను కంపెనీలనూ, వాటిమీద అధికారం ఉన్నవారినీ మేము అడుగుతున్నది ఇది. డబ్బు కోసే ముందు అడిగే ప్రశ్న మనిషికి తెలిసిన భాషలో అడగండి. పాస్‌బుక్కులో పొడి అక్షరాలు కాకుండా దేనికి కోశారో పూర్తి పేరు రాయండి. నోటితో చెప్పిన ఫిర్యాదును కౌంటరు దగ్గరే రాసుకుని తేదీతో రసీదు ఇవ్వండి. ఒకరికి అనుమతి లేకుండా ఒక సేవ అంటగట్టారని తేలితే, అదే సేవ కింద డబ్బు కోసిన అందరి లెక్కా చూసి, అడగని వాళ్ళకు కూడా తిరిగి ఇవ్వండి. న్యాయం కేవలం గట్టిగా అడగగలిగిన వాళ్ళ సొత్తు కాకూడదు.

అంతవరకు సంఘాలు చేయగలిగింది ఒకటుంది. మేము మా దగ్గర మొదలుపెట్టాం. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత గుమ్మం పక్కన ఒక బల్ల వేస్తున్నాం. ఇంగ్లీషు చదివే ఒక కాలేజీ అమ్మాయి, ఒడియా బాగా వచ్చిన ఒక అబ్బాయి, పల్లె నమ్మే ఒక పెద్దమ్మ అక్కడ కూర్చుంటారు. ఎవరైనా పాస్‌బుక్కు, బిల్లు, ఫోను తెచ్చుకోవచ్చు. వాళ్ళు చదివి చెబుతారు, కావాలంటే కాగితం రాసిపెడతారు. ఓటీపీ, పిన్ను అడగరు. ఫోను యజమాని చేతిలోనే ఉంటుంది. ఎవరి ఖాతాలో ఎంత ఉందో బల్ల దాటి బయటకు పోకూడదు. మోసపోయిన వాళ్ళ మాట మాత్రం నెలకోసారి వచ్చే బల్ల కోసం ఆగకూడదు. ఏ రోజైనా, ఏ వేళైనా పాస్టరు తలుపు తట్టవచ్చని కూడా ప్రకటించాం.

అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికీ వెళ్ళిన విధవరాలి కథ ప్రభువు చెప్పాడు. ఆమె గొడవ ఎంత మొత్తానికో ఆయన చెప్పలేదు. ఆమె అడగడం మానలేదన్నదే చెప్పాడు. ఆ వాక్యం మీద మేము ఎన్నోసార్లు ప్రార్థన గురించి ప్రసంగించాం. ఎండు చేపల బుట్ట పక్కన పెట్టి, రెండో ఆదివారం కూడా వచ్చి నిలబడిన ఆ అమ్మను చూశాక, ఆ కథలో మేము ఎవరి స్థానంలో ఉన్నామో మాకు అర్థమైంది.

ఈ ఆదివారం మీ సంఘంలో ఎవరైనా పాస్‌బుక్కు తెరిచి "ఇదేటి?" అని అడిగితే, ప్రార్థన చేయండి. పంపేయకండి. కూర్చోబెట్టి, ఆ వరుస వాళ్ళతో కలిసి చదవండి.